సూదిభయానికి శ్రీకాకుళంలో వైద్యం: రోగి బంధువుగా నా సమీక్ష

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక ప్రైవేటు మానసిక వైద్యశాల ఉంది. సూదిని, రక్తాన్ని చూస్తే కళ్లు తిరిగి పడిపోయే పెద్దవారికి అక్కడి క్లినికల్ సైకాలజిస్టు మందులు లేకుండా చేసే చికిత్స గురించి ఈ సమీక్ష. చికిత్స తీసుకున్నది మా మేనమామ; కవిటి వైపు కొబ్బరితోట చేసుకునే, యాభై దాటిన రైతు. ప్రతి విడతకూ ఆయన వెంట వెళ్లి, అనుమతించిన మేరకు లోపల కూర్చున్నది నేను. ఆయన సరేనన్న తరువాతే రాస్తున్నాను గాని, మా వైపు ఊళ్లలో వైద్యశాల పేరు చెబితే రోగి పేరు చెప్పినట్టే అవుతుంది కనుక ఆ రెండూ రాయడం లేదు. నా తీర్పు ముందే చెప్పేస్తాను: చికిత్స మేలైనది, చేసిన మనిషికి పని తెలుసు, వైద్యశాల నిర్వహణ మాత్రం ఆ చికిత్సకు తగినట్టుగా లేదు.

ఉద్దానం సంగతి తెలియనివారికి ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరచుకున్న ఈ కొబ్బరి, జీడితోటల సీమలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి సంసారాలను గుల్ల చేస్తోంది. దాని మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. కిడ్నీలు చాలా వరకు దెబ్బతినే దాకా ఒంట్లో బాధేమీ తెలియదు కనుక, రక్తంలో క్రియాటినిన్‌ను (కిడ్నీలు వడకట్టి బయటికి పంపవలసిన వ్యర్థం), మూత్రంలో ప్రోటీన్‌ను చూసుకోవడమే జబ్బును ముందుగా పసిగట్టే దారి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, దానితో పాటు 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. పరీక్ష ఇంత దగ్గరికి వచ్చినా, చేయి చాపలేని మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఊళ్లో రక్తపరీక్షల శిబిరం పెట్టిన ప్రతిసారీ మావయ్య తోటలోకి వెళ్లిపోయేవారు. పంటినొప్పిని నెలల తరబడి లవంగనూనెతో నెట్టుకొచ్చారే తప్ప మత్తు సూదికి ఒప్పుకోలేదు. కూతురి కాన్పు సమయంలో ఆసుపత్రి వరండా దాటి లోపలికి రాలేకపోయారు.

బంధువుల్లో కొందరు దీన్ని పిరికితనమన్నారు, కొందరు మొండితనమన్నారు. చీకట్లో ఒంటరిగా తోటకు కాపలా పడుకునే మనిషిని, తాటిచెట్టంత ఎత్తున్న కొబ్బరిచెట్టు ఎక్కి కాయలు దించిన మనిషిని పిరికివాడనడం ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు. భయానికి తాయెత్తు కట్టించారు. అంతకుముందు వేరే ఊళ్లో ఒక డాక్టరు ఆందోళన తగ్గించే మాత్ర రాసిచ్చి, పరీక్షకు ముందు వేసుకుని వెళ్లమన్నారు. అది నిద్రమత్తు తెచ్చింది గాని, సూది దగ్గరికి రాగానే పడిపోవడాన్ని ఆపలేదు. ఆ జాతి మాత్రలు అప్పటికప్పుడు ఆందోళనను తగ్గిస్తాయి, అలవాటుగా మారే ప్రమాదం వాటితో ఉంది, భయపడే వస్తువు ముందు నిలబడడాన్ని మాత్రం అవి నేర్పవు. ఈ తేడా ఎవరూ మాకు విడమరిచి చెప్పలేదు.

ఈ వైద్యశాలలో నాకు మొదట నచ్చింది ప్రశ్నలు అడిగిన తీరు. సైకాలజిస్టు వయసులో మావయ్య కూతురంత ఉంటారు. ఎప్పటి నుంచి ఈ భయం, ఏయే పనులు మానుకున్నారు, కుక్కలన్నా ఎత్తులన్నా ఇరుకు గదులన్నా ఇలాగే ఉంటుందా, జనం మధ్యకు వెళ్లాలంటే ఇబ్బందా అని వరుసగా అడిగి, వచ్చిన జవాబులను తిరిగి ఆయనకే వినిపించి సరిచూసుకున్నారు. ఒక వస్తువు లేదా ఒక సందర్భం మీద ఉండే భయం, ఆ వస్తువు వల్ల నిజంగా ఉన్న ప్రమాదానికి మించి ఉండి, ఆరు నెలలకు పైగా సాగి, మనిషి బతుకును అడ్డగించినప్పుడే దాన్ని ఫోబియా అంటారని, ఇష్టం లేకపోవడం, కాస్త జంకడం ఆ లెక్కలోకి రావని ఆమె వివరించారు. జంతువుల భయం, ఎత్తు, ఉరుము, నీరు వంటి ప్రకృతి భయాలు, విమానం, లిఫ్టు వంటి సందర్భాల భయం, రక్తం, సూది, గాయాల భయం, వీటిలో దేనికీ చెందని మరికొన్ని అని వైద్యులు వీటిని విడదీస్తారు.

ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్న మీదే ఈ చికిత్స అంతా నిలబడి ఉందని నా అభిప్రాయం: “మీరు భయంతో వణుకుతారా, లేక స్పృహ తప్పి పడిపోతారా?” మునుపటి డాక్టరు ఈ ఒక్క మాట అడిగి ఉంటే మాకు చాలా కాలం కలిసి వచ్చేది.

ఎందుకంటే మిగతా ఫోబియాలకు, దీనికి శరీరం స్పందించే పద్ధతిలోనే తేడా ఉంది. పాము భయం గలవాడికి పాము కనబడితే గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి; వాడికి పడిపోతానేమోనని అనిపిస్తుందే తప్ప పడిపోవడం అరుదు. రక్తం, సూది భయం గలవారిలో చాలామందికి మొదట రక్తపోటు పెరిగి, ఆ వెంటనే గుండె నెమ్మదించి, రక్తపోటు ఒక్కసారిగా దిగిపోతుంది. మెదడుకు చేరవలసిన రక్తం తగ్గి చెమటలు పట్టి, చెవుల్లో హోరు పుట్టి, కళ్ల ముందు చీకటి కమ్మి మనిషి కూలబడతాడు. ఈ స్వభావం కుటుంబాల్లో రావడమూ ఎక్కువే. మా అమ్మమ్మ కోడిని కోస్తుంటే వంటింట్లో పడిపోయేదని మావయ్య అప్పుడే గుర్తు చేసుకున్నారు. ఇక మనం అలవాటుగా ఇచ్చే సలహా ఏమిటి? “ఒళ్లు వదులుగా ఉంచు, నెమ్మదిగా ఊపిరి తీసుకో” అంటాం. రక్తపోటు దిగిపోయే మనిషికి ఒళ్లు వదులు చేయమనడం పడిపోవడానికి సాయం చేయడమే. గుండె దడ తగ్గడానికి వాడే కొన్ని మాత్రలు కూడా రక్తపోటును తగ్గించేవే.

అందుకని ఆమె నేర్పింది ఇందుకు విరుద్ధమైన పని. కుర్చీలో కూర్చుని చేతుల, తొడల, పొట్ట కండరాలను ఒకేసారి బిగబట్టాలి. ముఖంలోకి వేడి ఎక్కుతున్నట్టు తెలిసే దాకా, సుమారు 10 నుంచి 15 సెకన్లు అలాగే ఉంచాలి. తరువాత 20, 30 సెకన్లు మామూలు స్థితికి రావాలి, అంతే గాని పూర్తిగా వాలిపోకూడదు. ఇలా ఐదుసార్లు చేస్తే ఒక వరుస. రోజుకు ఐదు వరుసలు చొప్పున వారం రోజులు ఇంటి దగ్గర చేయాలి. బిగబట్టడానికి ముందూ వెనకా ఆమె బీపీ యంత్రం పెట్టి, అంకెలు ఎలా పెరిగాయో మావయ్యకే చూపించారు. ఇది నమ్మకంతో పని లేకుండా పని చేసే విద్య అని ఆయనకు నాకంటే ముందే అర్థమైంది. అధిక రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఇది చేయరాదని, తలనొప్పి వస్తే బిగువు తగ్గించాలని కూడా చెప్పారు. రక్తం తీసే చేతిని మాత్రం వదులుగా ఉంచి మిగతా ఒంటిని బిగబట్టడం కొంచెం కష్టమైన భాగం. దానికి సాధన కావాలి. కొబ్బరి మోపు ఎత్తేటప్పుడు ఒళ్లు ఎలా బిగుస్తుందో అలా అని ఆమె అనగానే మావయ్యకు పట్టుబడింది.

ఈ పద్ధతిని 1980లలో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్, ఆయన సహచరులు రూపొందించారు. దీనికి ముందు భయాల చికిత్సలో రాజ్యమేలింది దక్షిణాఫ్రికాలో పుట్టిన వైద్యుడు జోసెఫ్ వోల్పే 1958లో వివరించిన మార్గం: రోగి ఒంటిని సడలించి, ఆ ప్రశాంతతలో భయపడే విషయాన్ని మెట్లు మెట్లుగా ఊహించుకోమనడం. అది ఎందరికో మేలు చేసిన మార్గమే. స్పృహ తప్పేవారి దగ్గరికి వచ్చేసరికి దాన్ని తిరగరాయవలసి వచ్చింది. మన జిల్లాల్లో కౌన్సెలింగ్ పేరుతో ఇప్పటికీ ఎక్కువగా దొరికేది సడలింపు, ధైర్యవచనాలు మాత్రమే కనుక ఈ చిన్న చరిత్ర రోగి బంధువులకు పనికి వస్తుందని రాస్తున్నాను.

బిగబట్టడం కుదిరాక మెట్ల పని మొదలైంది. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, కుందేలును చూస్తే ఏడ్చే పసివాడికి ఇష్టమైన తినుబండారం పెడుతూ కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి భయం పోగొట్టారు. దగ్గరికి తేవడం అన్న మూలసూత్రం నేటికీ అదే. ఇక్కడ సూది బొమ్మతో మొదలుపెట్టి, రక్తం తీసే వీడియో, సీలు విప్పని సిరంజిని చేత్తో పట్టుకోవడం, మోచేతికి పైన రబ్బరు పట్టీ కట్టించుకోవడం, స్పిరిట్ దూదితో తుడిపించుకోవడం, వేలికొసన షుగర్ పరీక్ష, చివరికి నరం నుంచి రక్తం ఇవ్వడం దాకా మెట్ల జాబితా మావయ్య చేతే చెప్పించి రాశారు. స్పిరిట్ వాసన జాబితాలో సిరంజి కంటే పై మెట్టున ఉండడం నన్ను ఆశ్చర్యపరిచింది. దాన్ని పుస్తకంలోని పట్టిక ఏదీ చెప్పి ఉండేది కాదు.

ప్రతి మెట్టు దగ్గర భయాన్ని 0 నుంచి 100 దాకా లెక్క చెప్పమని అడగడం ఈ చికిత్సలో ఆనవాయితీ. ఆమె దాన్ని రూపాయి లెక్కలోకి మార్చారు. “ఇప్పుడు రూపాయికి ఎంత భయం?” అంటే మావయ్య “ముప్పావలా” అనేవారు, కాసేపటికి “అర్ధ” అనేవారు, “పావలా” అనే దాకా ఆ మెట్టు దాటనిచ్చేవారు కాదు. ముఖం తిప్పుకోవడం, కళ్లు మూసుకోవడం, నా చేయి పట్టుకోవడం, లోలోపల జపం చేయడం వంటి వాటిని ఆమె ఒక్కొక్కటిగా మాన్పించారు. వాటి చాటున గట్టెక్కినంత కాలం సూది ప్రమాదం లేనిదని మనసు నేర్చుకోదని ఆమె వాదన. జపం దగ్గర మావయ్యకు కొంత కష్టం కలిగింది. దేవుణ్ణి మానుకోమనడం లేదని, సూది గుచ్చిన తరువాత తీరిగ్గా తలచుకోమని ఆమె నచ్చజెప్పిన తీరు మర్యాదగా ఉంది.

మూడో నాలుగో విడతలో అనుకుంటాను, ఆమె హఠాత్తుగా ఇలా అడిగారు: “సూదే లేకుండా రక్తం పరీక్షించే యంత్రం మీ ఊరికి రేపు వచ్చిందనుకోండి, ఎల్లుండి వెళ్లి చేయించుకుంటారా?” మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, “సూదొక్కటే కాదమ్మా, ఆ కాయితం మీద ఏటి రాసుంటాదో, అదే బయం” అన్నారు. వీధిలో అటూ ఇటూ డయాలసిస్‌కు వెళ్లి వచ్చేవాళ్లున్న ఊళ్లో ఆ భయం ఫోబియా కిందికి రాదు. ప్రమాదానికి తగినంతగానే ఉన్న భయం అది. దాన్ని మెట్ల పద్ధతిలో కరిగించబోవడం పొరపాటవుతుంది. ఆమె ఆ పూట సిరంజిని పక్కన పెట్టి, క్రియాటినిన్ పెరిగినట్టు తొలి దశలో తెలిస్తే చేయగలిగినవి ఏమిటి, నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగకపోవడం, బీపీ అదుపు, తిండి, క్రమం తప్పని పరీక్షలు, వీటికి సమయం దొరకడం ఎంత విలువైనదో మాట్లాడారు. కిడ్నీ డాక్టరుతో మాట్లాడవలసిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాయించారు. రెండు భయాలను విడదీసి, ఒక్కోదాన్ని దాని పద్ధతిలో చూసిన ఈ ఒక్క గంటకు నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేస్తాను.

నరం నుంచి రక్తం ఇచ్చే రోజు పక్క వీధిలోని ల్యాబుకు సైకాలజిస్టు స్వయంగా వచ్చారు. మొదట బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టి తీయించారు. పడుకున్నవారు స్పృహ తప్పే అవకాశం తక్కువ. చెమటలు పట్టాయి, బిగబట్టారు, పడిపోలేదు. మరో విడత కుర్చీలో కూర్చుని, సూది దిగుతుంటే చూస్తూ ఇచ్చారు. ఆ నమూనాతోనే క్రియాటినిన్ చూశారు. అందులో ఏమి వచ్చిందో ఆయన సొంత విషయం. భయం సున్నాకు చేరిందని నేను చెప్పను. ఇప్పటికీ రబ్బరు పట్టీ కట్టగానే ఆయన ముఖం మారుతుంది, అయినా చేయి వెనక్కి తీసుకోవడం లేదు. మానుకుంటే భయం మళ్లీ తలెత్తవచ్చని, అప్పుడప్పుడు రక్తపరీక్షకు తనంత తానే వెళ్లడం సాధనలో భాగమని చెప్పి పంపారు. ఉద్దానం వారికి ఎలాగూ ఆ పరీక్ష అవసరమే.

ఇక లోపాలు, అవి తక్కువేమీ కావు. నిరీక్షణ గదిలో రిసెప్షన్ అమ్మాయి రోగి పేరుతో పాటు సమస్యను కూడా గొంతెత్తి పిలుస్తుంది. “సూదిభయం పేషెంటు రండి” అన్న పిలుపుకు పది మంది నవ్వితే మావయ్య ఆ రోజు వెనక్కి వెళ్లిపోయినంత పని చేశారు. మొదట నింపవలసిన ఫారం, ఇంటికిచ్చే సాధన పత్రం రెండూ ఇంగ్లిషులోనే ఉన్నాయి. సాధన పత్రాన్ని నేను తెలుగులో రాసి ఇచ్చాను గాని, వెంట చదువుకున్నవారు లేని రోగి ఏం చేస్తాడు? సైకాలజిస్టు విశాఖ నుంచి వారంలో కొన్ని రోజులే వస్తారు. ఆమె రాని రోజు ముందుగా ఫోను చేసి చెప్పే ఏర్పాటు లేక, సోంపేటలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, బస్సులో పట్టణానికి వచ్చి, ఉత్త చేతులతో తిరిగి వెళ్లిన సందర్భం మాకు ఎదురైంది. వంద కిలోమీటర్లు దాటి వచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు. మందు అవసరం లేని రోగి అయినా ముందు సైకియాట్రిస్టు (మందులు రాసే మానసిక వైద్యుడు) ఓపీ చీటీ కట్టి తీరాలన్నది మరో నియమం. ఇతర జబ్బులు లేవని తేల్చుకోవడానికి ఒకసారి అది సబబే, ప్రతిసారీ అడగడం సబబు కాదు.

ఖర్చు సంగతి: డాక్టరు ఓపీ 500 రూపాయలు, సైకాలజిస్టుతో గంటసేపు సాగే విడతకు 800 రూపాయలు తీసుకున్నారు. అడిగితేనే రసీదు ఇచ్చారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా వర్తించాలంటోంది. అయితే సాధారణ పాలసీలు ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చునే భరిస్తాయి కనుక, ఇలాంటి ఓపీ చికిత్సకు చేతి నుంచే పెట్టుకోవాలి. ఇంటి నుంచి రానుపోను ఖర్చు, పోయిన పని రోజులు కలుపుకుంటే రైతు కుటుంబానికి ఇది భారమే. సూదిభయం వంటి ఒకే వస్తువు మీది ఫోబియాలకు మూడు గంటల దాకా సాగే ఒకే విడతలో మెట్లన్నీ ఎక్కించే పద్ధతి కూడా ఓస్ట్ 1989లోనే వివరించారు. దూరం నుంచి వచ్చేవారికి అది అనువుగా ఉంటుందని అడిగితే, ఇక్కడ అంత సమయం ఒకరికే కేటాయించలేమన్నారు.

డబ్బు లేదా దూరం అడ్డమైనవారు ఫోనులో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ టెలిమానస్ సేవను 14416 నంబరులో ముందుగా సంప్రదించవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోనులో మెట్ల చికిత్స మొత్తం జరగదు, సమస్య ఏ రకమైనదో, దగ్గరలో ఎవరిని కలవాలో తేల్చుకోవడానికి మాత్రం పనికి వస్తుంది. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక విభాగం, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి కూడా ఉన్నాయి. ప్రైవేటుగా ఎవరి దగ్గరికి వెళ్లినా, వారు క్లినికల్ సైకాలజిస్టుగా భారత పునరావాస మండలిలో నమోదై ఉన్నారా అని అడగడానికి మొహమాటపడవద్దు. భయపడే వస్తువును ఎదుర్కొనే సాధన మీరు చేయిస్తారా, ఇంటిపని ఇస్తారా, స్పృహ తప్పేవారికి వేరే పద్ధతి ఏమైనా ఉందా అన్నవి ఫోనులోనే అడగవలసినవి. మూడో ప్రశ్నకు “ధైర్యం చెబుతాం” అన్న జవాబు వస్తే, రైలు టికెట్టు డబ్బు మిగుల్చుకోవచ్చు.

ఈ వైద్యశాలకు నేను ఐదింటికి మూడున్నర ఇస్తాను. సైకాలజిస్టు పనికి విడిగా ఇవ్వమంటే నాలుగున్నర. వెళ్లదలచినవారు బయలుదేరే రోజు ఉదయమే ఫోను చేసి ఆమె వచ్చారో లేదో కనుక్కోండి. బీపీ మందులు వాడుతుంటే ఆ చీటీ వెంట తీసుకెళ్లండి, ఆకలితో వెళ్లవద్దు, సమస్యను బిగ్గరగా చదవవద్దని రిసెప్షన్ దగ్గర ముందే చెప్పి పేరు రాయించండి.